రెండే రెక్కలు

ఫిబ్రవరి ఆఖర్న, జహ్రాలో, మేడపైన
విత్తనాలకని వదిలిన కొత్తిమీర తెల్లగా పూసింది.
మేడమ్ చూసి కిందికి పరిగెత్తింది:
"నహల్! నహల్! మందు కొట్టు!"
తేనెటీగలంట.
స్ప్రే డబ్బా పట్టుకుని ఎక్కినాను గానీ
మూత తియ్యలేదు.

తేనెటీగ ఇట్లా గాల్లో
మేకు కొట్టినట్టు నిలబడదు.
మా నాయన ఉలవచేని గట్టున తుట్టెలు తీసేవాడు, నాకు తెలుసు,
దానికి రెక్కలు నాలుగు, కాళ్లకు పుప్పొడి మూటలు.
వీటికి రెక్కలు రెండే.
మీసాలు ఉన్నాయా అంటే ఉన్నాయి, ఆవగింజంత.
కందిరీగ చొక్కా తొడుక్కుని తిరిగే ఒట్టి ఈగలు.
కుట్టను ముల్లే లేదు.

మిషారీకి బడిలో ప్రాజెక్టు.
వాడి భూతద్దం, నా ఓపిక.
గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క తోసి,
ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన రెండు నిమిషాలు.
చలికి మత్తెక్కి కుదురుగా చూపించుకుంటాయి.
కళ్లు రెండూ నడినెత్తిన ఆనుకుంటే మగది,
మధ్యన పాపిట ఉంటే ఆడది.
పాపిటను అరబ్బీలో ఏమంటారో తెలీక
తల వంచి చూపించినాను.

వాడు పుస్తకంలో లాటిన్ పేర్లు వెతుకుతాడు.
నేను ఆగలేను.
ఒక లావు గీత, కిందనే ఒక సన్న గీత: జంట అంచు చీర.
వీపున అరిగిన నామాలవాడు: దాసరి.
అగ్గిపుల్లలా ఉండేది: పుల్ల.
వెనక తొడలు బలిసినవాడు: వస్తాదు.
కళ్లలోనే చారలున్నదానికి
రెండు రోజులు పేరు తోచలేదు.

పోయిన ఎండాకాలం, లాండ్రీ వెనక, మూసుకుపోయిన మోరీలో
ఎలుకతోక పురుగులు.
కుళ్లునీళ్ల అడుగున ఉండి, తోక పైకి చాపి
ఆ తోకతోనే ఊపిరి పీల్చుకునేవి.
క్లోరాక్స్ పోస్తి.
ఒక సీసా చాలక రెండోదీ పోస్తి.
మిషారీ పుస్తకంలో ఆ బొమ్మా ఈ చారల కళ్లూ
ఒకే పేజీలో, మధ్యన బాణం గుర్తు.
పెరుగు సర్దే పని పెట్టుకుని
కాసేపు ఫ్రిజ్ తలుపు వెనకే ఉండిపోయినాను.

రెక్కలో ఇంకో గుర్తుందన్నాడు వాడు.
వెలుతురుకి పట్టి చూస్తే
అన్ని ఈనెలూ ఏదో ఒకదానిలో కలుస్తాయి,
ఒక్కటి మాత్రం దేన్నీ అంటకుండా
నడిమధ్యన మొదలై నడిమధ్యన ఆగిపోతుంది.
దొంగ ఈనె.
అది కనపడితే ఇది ఆ జాతిదే.

బతాకా ఆఫీసులో నా బొటనవేలు మూడుసార్లు పెట్టించినారు.
గిన్నెల సబ్బుకు గీతలరిగి
మిషను గుర్తుపట్టలేదు.
ఆ పిల్ల విసుక్కుని ఎడమచెయ్యి అడిగింది.

చార్టు మీద ఐదు ఫోటోలు.
నాలుగింటికి లాటిన్ రాసి, ఐదోదానికి
పెన్ను నాకిచ్చినాడు.
"మోరీ మహాలక్ష్మి" అని తెలుగులో రాస్తి.
టీచరు దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టిందంట.

కొత్తిమీర గింజ కట్టింది.
మేడమ్ అడిగితే
మందు కొట్టినానని చెప్పినాను.