నాలుగో మూత

గునపం మొన దూర్చి మూత లేపాడు యేసుపాదం.
"వెనక్కి జరగండమ్మా, ముందు దాని ఊపిరి పోనీండి."
ఎదురుగా మెడికల్ షాపు షట్టరు సగం ఎత్తి
కుర్రాడు గుమ్మంలో నీళ్ళు చల్లుతున్నాడు.
కొత్తపేట ఇంకా పూర్తిగా తెరవలేదు.

వార్డుల్లో ఆరింటికి డోసు.
ఎనిమిది దాటాక ఇక్కడికి దిగుతుంది,
మనిషిలో కొంత పని చేసి,
చేయని పని వెంటబెట్టుకుని.
అందుకే ఎనిమిదింబావుకి వస్తాను నేను,
తాడు కట్టిన స్టీలు డబ్బా, గోధుమరంగు సీసాలు,
చేపల మార్కెట్లో బేరమాడిన ఐసుతో.
సీసాలకు ఎండ తగలకూడదు.
వెలుగు పడితే మందు విరిగిపోతుంది.

ల్యాబులో మిషనుకి వాసన తెలీదు.
తిన్నగా పోయే గీత మీద ఒక్కచోట ముల్లు లేపుతుంది,
నాలుగు నిమిషాల పది సెకన్ల దగ్గర:
సిప్రోఫ్లాక్సాసిన్.
లీటరుకి పద్నాలుగు మైక్రోగ్రాములు.
ఉప్పుగల్లులో వెయ్యోవంతు కాదు.
జ్వరానికి చాలదు,
క్రిములకి చదువు చెప్పడానికి చాలు.

ఇక్కణ్ణించి గొట్టం పీకలవాగు వైపు మళ్ళుతుంది.
ఆ తర్వాత ఎవరి తోటకూర మళ్ళో.
నా అనుమతి కాగితం నాలుగో మూత దాకానే.

పోయిన వారం సీసాలకి చీటీలు అంటిస్తుంటే
యేసుపాదం చెప్పు విడిచాడు.
మడమ పక్కన రూపాయంత పుండు, అంచులు తెల్లగా.
ఏప్రిల్లో రేకు కోసిందట.
ఆ షాపులోనే రెండు బిళ్ళలు,
చేతిలో డబ్బులాడినప్పుడు ఇంకో రెండు.
"ఈ నీళ్ళల్లో అంత మందుందంటిరి గదా,
నా కాళ్ళు రోజూ దీంట్లోనే గదా,
మరెందుకు తగ్గట్లా?"

నా ఫారంలో తేదీ, టైము, వేడి, పీహెచ్.
పుండుకి గడి లేదు.
అయినా దూదిపుల్ల తాకించి తీసుకెళ్ళాను,
ఎవరికీ చెప్పకుండా.

రెండో రోజు పొద్దున పళ్ళెం మూత తీశాను.
మందు చుక్క చుట్టూ
వరదగుడి కట్టినట్టు ఖాళీ రావాలి.
రాలేదు.
చుక్క మీదికే పాకింది పాచి,
దానికది ఇల్లయినట్టు.

ఇవాళ మడమకి పాలిథిన్ సంచి చుట్టుకొచ్చాడు.
మూత దించుతూ,
"ఏం తేలిందమ్మా?"

పద్నాలుగు, అని మొదలుపెట్టాను.
నీళ్ళ సంగతి చివరిదాకా విన్నాడు.
విని, కాలు వైపు చూసుకున్నాడు.