నీలం బోర్డు విప్పిన రోజు

ఈ బోర్డు బిగించింది నేనే.
పంతొమ్మిదేళ్ల కింద, ఎమ్డెన్‌లో, కాలువ పక్క వీధిలో,
అక్టోబరు ఈదురుగాలి నిచ్చెన కాళ్లు పట్టి లాగుతుంటే.
పళ్లెమంత నీలం. మధ్యలో తెల్లటి సైకిల్.
సైకిల్ మీద మనిషి మాత్రం లేడు.
అప్పుడది గమనించలేదు.

దాని అర్థం ఒక్కటే:
ఇదుగో దారి, ఇందులోనే పో.
ఉంది కనుక పోవచ్చని కాదు,
ఉంది కనుక పోయి తీరాలని.

ఆ దారి సంగతి చెప్పాలంటే,
ఇద్దరు ఎదురైతే ఒకరు గోడవ్వాలి.
పోప్లార్ వేళ్లు ఎర్రటి పలకల్ని కింద నుంచి ఎత్తేశాయి
నిద్రలో దుప్పటి తన్నేసే పిల్లల్లా.
ఆదివారం బేకరీ ముందు జనం బారు అందులోనే.
బస్సు దిగినవాళ్ల మొదటి అడుగు అందులోనే.
మంగళవారం చెత్త డబ్బాల మకాం అందులోనే.
ఆగిన కార్ల తలుపులు చెప్పాపెట్టకుండా తెరుచుకునేది
అందులోకే.

వీబ్కె ఆ దారి తొక్కేది కాదు.
మంత్రసాని ఆమె.
నొప్పులు మొదలయ్యాయని ఫోనొస్తే
వెనక పెట్టెలో సరంజామా కట్టుకుని
కార్ల ముందు, రోడ్డు మీదే, తిన్నగా.
హారన్లు మోగేవి. అద్దాలు దించి
"నీ దారి అక్కడుంది కదా!" అని అరిచేవాళ్లు.
"అది నా దారి కాదు," అనేదట,
"నేను అడ్డు రాకుండా మీరు వేసుకున్నది."

పోలీసు రెండుసార్లు జరిమానా రాశాడు.
మూడోసారి ఆమే కోర్టు మెట్లెక్కింది,
టేపు పట్టి కొలిచిన లెక్కలతో,
రెండు పలకల సందులో మణికట్టు దాకా దిగిన
తన చేతి ఫోటోతో.

న్యాయం నాకు తెలియదు. గీతలు వేసేవాణ్ణి.
కాగిన తెల్లరంగు పోస్తూ ముప్ఫై ఏళ్లు
నువ్విటు, నువ్వటు అని పంచిపెట్టినవాణ్ణి.
నన్నెవరూ తిట్టలేదు.
పాలు పంచినవాడు కనబడకపోతే
అన్నదమ్ములు ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటారు.

ఇవాళ కాగితం నా చేతికొచ్చింది.
రెండు ముక్కలు: బోర్డు తీసెయ్యండి.
దారి ఉంటుంది. తప్పనిసరి పోతుంది.

నట్లు తుప్పుపట్టి మొరాయించాయి.
నూనె కొట్టి, అది ఇంకేదాకా చలిలో చేతులు రుద్దుకుంటుంటే
ఒన్నో వచ్చాడు, మూడు చక్రాల బండి మీద.
ఒకప్పుడు రేవులో క్రేను నడిపినవాడు.
పక్షవాతం ఎడం చెయ్యి తీసుకుని
కుడి చెయ్యి వదిలేసింది, బ్రేకు పట్టుకోమని.

"తీసేస్తున్నావా?"

"దారి తియ్యడం లేదు ఒన్నో. బోర్డే."

"బోర్డు పోతే కాళ్లున్నవాళ్లంతా రోడ్డెక్కుతారు.
ఈ పలకలు సరిచెయ్యమని అడిగేదెవరు ఇక?
నేనొక్కణ్ణేనా?"

పలకలు సరిచేసి ఉంటే
వీబ్కె కోర్టుకే వెళ్లేది కాదు, అందామనుకున్నాను.
పంతొమ్మిదేళ్లు బోర్డుండి కూడా
ఒక్క పలకా కదల్లేదు, అందామనుకున్నాను.
రెండూ నిజమే. రెండిటికీ
అతని మూడు చక్రాలూ నడవవు.
చేతిలో స్పానర్ ఉంది. జవాబు లేదు.

చివరి నట్టు ఊడింది. బోర్డు దిగింది.
అనుకున్నంత బరువు లేదు.
పిట్టల రెట్ట, పాత ఎన్నికల స్టిక్కరు సగం, అంతే.
వ్యానులో పడేద్దామని వెనక్కి తిరిగి
అప్పుడు చూశాను.

నా వ్యాను ఆ దారిలోనే నిలిపి ఉంది.
పొద్దుటి నుంచీ.
ఎప్పుడూ అక్కడే నిలుపుతాను.
ఇంకెక్కడ నిలపను?

ఒన్నో ఏమీ అనలేదు.
కుడిచేత్తో బండి మెల్లగా తిప్పి
గట్టు దిగి రోడ్డు మీదికెళ్లాడు,
నా వ్యానును చుట్టి పోవడానికి.

వెనక కార్లు ఆగాయి.
ఒకటి, రెండు, ఐదు. ఎవరూ చప్పుడు చెయ్యలేదు.

ఆరోది హారన్ కొట్టింది.