పదకొండో డబ్బా

కురవాలో మానాలో తేల్చుకోలేని వాన.
కార్న్‌వాల్‌లో ఏప్రిల్ అంటే ఇంతే.
ముప్ఫై ఒక్కమంది పిల్లలు, పసుపుపచ్చ రెయిన్‌కోట్లు,
ఇద్దరు టీచర్లు.
నేను బస్సు నడిపేవాణ్ణి, లోపలికి రానక్కర్లేదు.
ఫ్లాస్కులో టీ అయిపోయింది. వచ్చాను.

ఇక్కడ తోట ఎక్కడ ఆగి జూ మొదలవుతుందో తెలీదు.
గొడుగులంత ఫెర్న్ ఆకుల కింద నడుస్తుంటే
పొదలోంచి ఎవరో దగ్గారు: టేపిర్.
వెదురు కొమ్మకి ఎర్రపాండా తోక,
ఆరేసి మరిచిపోయిన మఫ్లర్‌లా.

సింహం దగ్గర అందరూ ఆగారు.
సింహం లేవలేదు.
"చచ్చిపోయిందా?"
"లేదు, ఇవాళ మంగళవారం కదా" అంది కెరెన్సా.
మోకాళ్ళదాకా బురద ఆమెకి,
జేబులో సగం కొరికిన కేరట్,
కొరికింది ఆమో, ఏ జంతువో.

గాజింట్లో అడుగుపెట్టగానే కళ్ళజోడు మసకేసింది.
తుడుచుకుని చూస్తే
ఈతచెట్టులా ఉంది, ఈతచెట్టు కాదు.
సైకాడ్.
నూరేళ్ళు దాటిందట, ఆఫ్రికా అడవిలో ఒక్కటే దొరికి.
మగది.
దాని పిలకలే ఇప్పుడు లోకంలోని తోటలన్నిట్లో.
ఆడచెట్టుని ఇంకా వెతుకుతూనే ఉన్నారు.
ఇది మాత్రం పొద్దు తప్పకుండా
నారింజరంగు కంకి వేస్తుంది, పుప్పొడి రాలుస్తుంది.
ఎవరో ఒకరు చీపురుతో ఊడ్చి ఎత్తుతారు.

పెరాన్ అనే కుర్రాడు,
బస్సులో రెండు గంటలూ నోరు విప్పనివాడు, అడిగాడు:
"ఆడది లేదని దీనికెవరైనా చెప్పారా?"
కెరెన్సా వంగి, చెట్టు మొదట్లో ఎండుటాకు ఏరింది.
రెండోది కూడా ఏరింది.

మిగతా పిల్లలు బొమ్మల కొట్టుకి పరిగెత్తారు.
వాడు ఆమె వెనకే వెళ్ళాడు, వాడి వెనక నేను,
వంటగదిలో అరంత వెడల్పున్న గదిలోకి.
వరసగా ప్లాస్టిక్ డబ్బాలు,
అన్నం మిగిలితే మా ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టేలాంటివి.
లోపల నత్తలు, చిటికెనవేలి గోరంత.
పసిఫిక్‌లో ఏదో దీవివి.
పంట తినే నత్తని చంపడానికి
మనుషులు ఇంకో నత్తని తెచ్చి వదిలారట.
అది తినమన్నదాన్ని వదిలేసి వీటిని తింది.
ఆ దీవి చెట్లమీద ఇప్పుడు ఒక్కటీ లేదు.
ఉన్నవి ఈ అలమారలో, ఇలాంటివే మరికొన్ని అలమారల్లో.

ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి,
ఒక్కోటి, నింపాదిగా.
వారానికోసారి కుంచెతో కదిపి లెక్కపెట్టాలి.
"పదకొండో డబ్బాలో ఏడు. నువ్వు చూడు."

వాడు శ్వాస బిగబట్టాడు.
వేలు పెట్టలేదు, కళ్ళతోనే.
ఆకు కింద రెండు. గోడకి నాలుగు. తడిగుడ్డ మడతలో ఒకటి.
"ఎనిమిది."
"ఏడేనమ్మా."
"మూతకి."
మూత తిప్పింది.
నువ్వుగింజంత. కొమ్ములు కూడా ఉన్నాయి.
కెరెన్సా ఏమీ అనలేదు,
చెవిసందులోంచి పెన్సిల్ తీసి
ఏడు కొట్టేసి ఎనిమిది వేసింది,
తప్పు వేశానేమోనని మరోసారి అదే అంకె దిద్దింది.

బస్సు స్టార్ట్ చేసి, ఆపేశాను.
పిల్లల్ని లెక్కపెట్టడం టీచర్ల పని,
పదహారేళ్ళలో నేనెప్పుడూ పెట్టలేదు.
లేచి, నడవలో వెనక్కి నడిచాను.
ముప్ఫై.
మళ్ళీ మొదట్నించి.
చివరి సీటు కింద, బూటు లేసు కట్టుకుంటూ, ఒకడు.

వైపర్లు వేశాను.
వాన ఇప్పుడు గట్టిగానే పడుతోంది.