నాలుగు వందల పదిహేడో పలక

నా గడ్డపార చూసినన్ని ఊర్లు
మా సర్పంచి సుత చూసిండడు.
భీవండి, సూరత్, పూనా పక్కన ఏదో నది ఒడ్డు.
అన్ని తాన ఒకటే మన్ను వాసన,
ఒకటే మాట: "ఈడ తవ్వు."
గుంపు మేస్త్రి గీసిన సున్నం గీత పట్టుకొని
నడుము లోతు దిగితి, మెడ లోతు దిగితి,
వేరేటోళ్ల నల్లాలకు తొవ్వ చేసి
మళ్ల మన్ను కప్పి
నారాయణపేట బస్సెక్కి వస్తి.

మా పాలమూరుల సుత అంతే.
క్లాక్ టవర్ ఎనక గల్లీని ఒక్క ఏడాదిల
నాలుగుసార్లు నేనే కోసిన.
ఉగాదికి నీళ్ల పైపు.
వానల ముందర మోరి.
మోరి మీద సిమెంటు ఆరకముందే ఫోను తీగ.
పీర్ల పండుగ ఎల్లినంక కరెంటోళ్లు.
కుట్లు ఇప్పి కుట్లేసిన కడుపు లెక్క
ఆ గల్లీ.
మిషిను కుట్టే రజియాబీ ప్రతిసారి
గడప మీద నిలబడి తిట్టేది,
తిట్టినంక చాయ్ పోసేది.
ఆమె తిట్లల్ల నాకు రోజుకూలి కనపడేది.
ఎందుకు దాచాలె?
రోడ్డు చెడితేనే నా పొయ్యి ఎలిగేది.

ఇప్పుడు లారీల పలకలు దిగుతున్నయ్.
ఆరు మూలల పలకలు, తేనెపట్టు గడుల తీరు,
ఒక్కోదానికి ఒక్కో నంబరు,
కడుపుల గోరంత చిప్పు.
మనిషి నడిస్తే లెక్క పెడతదట,
బండి ఎక్కితే తూకం చెప్తదట.
కింద కాల్వల నీలం గొట్టం నీళ్లకు,
నల్లది కరెంటుకు, నారింజది నెట్టుకు,
అందరి కింద వాననీళ్ల తొవ్వ.
చెడిపోతే తవ్వుడు లేదు.
రెండు కొక్కేలు తగిలించి, కుండ మీద మూత తీసినట్టు తీసి
బాగుచేసి, మళ్ల పెట్టుడే.
ఈ ఒక్క గల్లీకే మంజూరు;
మూల మలుపు తిరిగితే పాత గుంతలే.

"ఇగ ఈడ ఎన్నడు తవ్వేదుండదు కుర్మయ్యా,"
అన్నది ఇంజనీరు మేడం.
తస్లీమా ఆమె పేరు, మన జడ్చర్ల పిల్లనే.
మంచి మాటనే చెప్పింది.
నాకు మాత్రం ఎవరో
చేతిలకెళ్లి ముద్ద గుంజుకున్నట్టయింది.

బడిల పట్టని పలక
యాభై ఏడేండ్లకు పట్టిన.
మట్టం చూసి, ఇసుక సర్ది,
రబ్బరు సుత్తెతోని మెల్లగ,
నిద్రపట్టని పిల్ల వీపు మీద కొట్టినట్టు.
మన్నును పొడుసుడు తప్ప ఎరుగని చేతులు
తట్టుడు నేర్చినయ్.

మొన్న రాత్రి ఆమె ఫోన్ల ఎర్ర చుక్క:
నాలుగు వందల పదిహేడు, కింద తడి.
పలకకు చెవి ఆనించి విన్న.
"పదిహేడు కాదు మేడం, పంతొమ్మిది.
నీళ్లు పల్లం ఎతుక్కుంటయ్, నాకెరుక."
పంతొమ్మిది లేపినం. ఎండిన ఇసుక, ఒక చీమ.
పదిహేడు లేపినం.
గొట్టం అతుకు కాడ
నుదుటి చెమట లెక్క చుక్క.
నలభై ఏండ్ల నా చెవి ఓడిపోయింది.
ఓడిపోయి, ఎందుకో నిమ్మళమయింది.

భీవండిల కందకం కూలిన నాడు
మా ఆశన్న మన్ను కింద ఉన్నడని
మాపటిదాక ఎవరికి తెల్వలే.
కూలి పంచేకాడ
ఒక చెయ్యి తక్కువైతే అప్పుడు అడిగిన్రు.
ఈడ ఒక్క చుక్క జారితే
భూమే పిలుస్తున్నది.

పదిహేడును దాని గూట్ల కూసోబెట్టి
మీద నిలబడ్డ.
మేడం ఫోను చూసి నవ్వింది:
"అరవై రెండు కిలోలు, కుర్మయ్యా."
ఇన్ని రోడ్లల్ల
నా బరువు ఒక రోడ్డుకు ఎరుకైంది ఇదే మొదలు.
"ఆ గడ్డపార పక్కకు పెట్టి నిలబడు," అన్నది.

పెట్టిన.

యాభై ఐదు.