లెక్క

ఐనవోలు జాతరల
డోలు చప్పుళ్ల నడుమ నిలబడి
బేరం చేసిండు ఆ పిలగాడు.
నూటయాభై అంటే నూటిరవై అన్నడు.
చేతుల పట్టుకొని బరువు చూసిండు,
ఒక కన్ను మూసి
నా బుగ్గల కట్టకు గురిపెట్టిండు.
"అసలు దాని లెక్కుంటదా అవ్వా?"
"అచ్చం అసలు దాని లెక్కనే బిడ్డా" అన్న.
గంతే అన్న.
బొమ్మలమ్మేటోళ్లం, గదే మా మంత్రం:
కోతి కోతి లెక్క, రైలు రైలు లెక్క,
పండుకోబెడితే కండ్లు మూస్తది పాప, మనిషి లెక్క.

మూతికి ఎర్ర రంగుండె దానికి,
ఇది బొమ్మ అని చెప్పేటి రంగు.
కరెంటోళ్ల నల్ల టేపు చుట్టిండట.
జానెడు టేపు.

నెల తిరగలే.
పరకాల తొవ్వల పెట్రోలు బంకు,
రాత్రి రెండు గొట్టంగ
మంకీ టోపీ పెట్టుకొని కుర్చీల కునుకుతున్నడు ఓదెలన్న.
మహదేవ్‌పూర్ అడవి పక్క ఊరు ఆయనది.
రెండు దిక్కుల తుపాకులనూ చూసిన కండ్లు.
రాత్రొచ్చినోళ్లకు బువ్వ పెట్టి
పొద్దుగాల వచ్చినోళ్లకు జవాబు చెప్పిన ఇల్లు.
నల్ల మూతి కనవడంగనే
ఆయన ఏం ఆలోచించలే,
ఒళ్లే ఆలోచించింది:
బోర్ల పడ్డడు, చేతులు తల మీద పెట్టుకున్నడు,
నలభై ఏండ్ల కింద నేర్పినట్టే.
మోకాలు చిప్ప పగిలింది.
గల్లల ఉన్నది పదకొండు వేల చిల్లర.

పెట్రోలింగు బండి అప్పుడే మలుపు తిరిగింది.
దిగిన కానిస్టేబులు చేతుల ఉన్నది
నేనమ్మినది కాదు.
చీకట్ల ధర చీటి ఎవరు చదువుతరు?
"పడెయ్" అని మూడుసార్లు ఒర్రిండట.
మూడోసారికి అన్వేషు,
వాని పేరు అన్వేషట,
వేళ్లు సడలిచ్చిండు.
సిమెంటు మీద పడ్డది.
టప్.
పెన్ను మూత పడ్డంత చప్పుడు.
ఇంకో రెప్పపాటు ఆలస్యమైతే
వేరే చప్పుడు వినపడేదట.
ఆ కానిస్టేబులే చెప్పిండు నాకు, కోర్టు వరండాల,
చాయ తాగుకుంట.
"నాకూ గంతే ఈడు కొడుకున్నడు" అన్నడు,
గ్లాసు కింద పెట్టి లోపలికి పోయిండు.

నన్ను సాక్షికి పిలిచిన్రు.
సంచిల పెట్టి, సీలేసి,
బొమ్మకు ఒక నంబరిచ్చిన్రు.
"నువ్వమ్మింది ఇదేనా?"
"ఇదే లెక్కుంది సారూ."
"లెక్క కాదమ్మా. ఇదేనా, కాదా?"
ఇదే.

వాని వకీలు లేచి నవ్విండు:
ఈగను సుత చంపలేని ప్లాస్టిక్కు అన్నడు.
జడ్జమ్మ ఓదెలన్న దిక్కు చూసింది.
"అది బొమ్మని నీకెప్పుడు తెలిసింది?"
కట్టె మీద ఆనుకొని చానసేపు నిలబడ్డడాయన.
"నాకు తెల్లారినంక తెలిసిందమ్మా.
మోకాలికి ఇంక తెల్వలే."

ఎన్నేండ్లు పడ్డయో నాకు సరిగ సమజ్ కాలే.
బొమ్మతోనైనా దోపిడి దోపిడేనట,
ఎదుటోడు ఎంత బెదిరిండో చూస్తరట,
గొట్టంల గుండుందా లేదా అని కాదట.
వాళ్లమ్మ మెట్ల మీద కూసోని
"ఆడుకునే వస్తువుకు జైలేందక్కా" అని
నన్నే అడిగింది.
ఎప్పుడో ఖర్చయిపోయిన నూటిరవై
నా కొంగు ముడిల తగిలినట్టయింది.

డజను తెచ్చిన. పదకొండు మిగిలినయ్.
పెంట మీద పారేస్తే ఎవడో ఏరుకుంటడు.
పాతిపెడ్దామంటే
డంపు దొరికిందని పేపర్ల వేస్తరు.
గడపకు పూయంగ మిగిలిన పసుపు రంగు డబ్బ తీసి
మూతి నుంచి పిడి దాక
ఒక్కొక్కదానికి పూసిన,
దారం కట్టి దండానికి ఆరేసిన.
దూరం జరిగి చూస్తే
బీరపువ్వుల లెక్క ఊగుతున్నయ్.

ఛీ.
మళ్ల గదే మాట.