తాళం లింబాద్రి పేరు మీద

సొహార్‌లో ఆగస్టు.
ఇక్కడ కిటికీ అద్దానికి బయటివైపు చెమట పడుతుంది.
లోపల, సర్వర్ గదిలో,
నేను శాలువా కప్పుకుని కూర్చుంటాను.

ఆదివారం పొద్దున పంపుహౌస్ డ్రాయింగు తెరవబోతే
ఎర్ర అక్షరాలు:
ఈ ఫైలుకు తాళం ఉంది. వేసినవారు లింబాద్రి.
దాని కింద, గురువారం సాయంత్రం నాలుగూ నలభైకి
అతను రాసి పెట్టిన ముక్క:
'వాల్వు కిందికి దించుతున్న. అయ్యేదాక ఎవ్వరు ముట్టకుండ్రి.'

గురువారం ఐదింటికి అతని పేరు కొట్టేశారు
జీతాల పట్టీలోంచి, గేటు కార్డులోంచి.
సర్వర్‌లోంచి కొట్టేసింది నేనే.
వాళ్లు పంపింది ఒక లైను మెయిలు,
నేను పెట్టింది ఒక టిక్కు.
మనిషి బయట.
మనిషి వేసిన తాళం లోపల.

ప్రోగ్రామైతే ఇద్దరు రాసింది కలిపేయొచ్చు,
ఈ వరుస నీది, ఈ వరుస నాది అని.
బొమ్మ అలా కాదు.
ఒకే పైపు మీద రెండు చేతులు పడితే
రెండో చెయ్యి మొదటిదాన్ని తుడిచేస్తుంది.
అందుకని తాళం.
అపనమ్మకం కాదది,
బస్సు కిటికీలోంచి సీటు మీద వేసిన తువ్వాలు.

మేనేజరు నా కుర్చీ వెనక నిలబడ్డాడు.
పదకొండుకల్లా డ్రాయింగు పోర్టుకు చేరాలట.
సాఫ్ట్‌వేరు నన్ను మర్యాదగానే అడిగింది:
పగలగొట్టనా? దొంగిలించనా?
మూడో మాట రాదు దానికి.

దొంగిలించాను.
తెరిచి చూస్తే అది బుధవారం నాటి బొమ్మే.
వాల్వు ఇంకా పైనే ఉంది, పద్దెనిమిది వందల మిల్లీమీటర్ల ఎత్తులో.
అతను దించిన వాల్వు అతని ల్యాప్‌టాపులో ఉండిపోయింది.
ల్యాప్‌టాపును ఆ సాయంత్రమే తుడిచేశారు.

మెట్ల కిందికి వెళ్లి ఐమోలో ఫోన్ చేశాను.
క్యాంపులోనే ఉన్నాడు. టికెట్టు రాలేదు.
పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో.
దాని తాళం ఎవరి పేరు మీద ఉందో
అతను అనలేదు, నేను అడగలేదు.

'ఎంతకి దించావు లింబాద్రీ?'
అటు గిన్నెల చప్పుడు, ఎవరో అన్నం వారుస్తున్నట్టు.
'పదమూడు వందల యాభై, అక్కా.
నిచ్చెన లేకుంట చెయ్యందాలె.
మా దేవయ్య పోయినేడు డ్రమ్ము మీదెక్కి తిప్పబోయి...'
గిన్నెల చప్పుడు.
'యాభై యాదిమరువకు. పద్నాలుగు వందలంటే గూడ అందదు.'

దించాను.
మార్చినవారు అన్నచోట అది నా పేరే రాసుకుంటుంది, అడగదు.
ఎందుకు మార్చారు అన్న గడి ఒక్కటే నా చేతిలోది:
'వాల్వు ఎత్తు 1350. లెక్క లింబాద్రిది.'
తాళం తీసేశాను.

వెనక మేనేజరు ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు,
ఆలస్యం పాత ఉద్యోగి నిర్వాకమని.

పదకొండున్నర.
గురువారం పెట్టిన టిక్కు వెనక్కి తీసే అనుమతి
ఈ ఆఫీసులో నాకొక్కదానికే ఉంది.
శాలువా జారింది. సర్దుకోలేదు.
ఆ చిన్న గడి వైపే చూస్తూ ఉన్నాను.