కౌంట్

కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంట్,
వంద తూగితే వంద.
మైపాడు రోడ్డులో రొయ్యల షెడ్డు.
పదకొండేళ్ళుగా నా చేతులు ఐసులోనే.
తల నల్లబడిందా, పెంకు లూజుగా ఉందా
కన్నుకంటే ముందు వేలికి తెలుస్తుంది.
పక్కకి విసిరేసిన రొయ్యని గురించి
ఏనాడూ రెండోసారి తలుచుకోలేదు.

తొమ్మిదో ఏట మొదలైంది సూది.
ముప్పై ఒకటికి కిడ్నీలు కూడా చేతులెత్తేశాయి.
పొగతోట ఆసుపత్రిలో ఇవాంజలిన్ సిస్టర్
జాబితాలో నా పేరు రాస్తా అంది:
"కిడ్నీ సర్దుకుపోయే రకం, పెంచలమ్మా.
క్లోమం అట్టా కాదు, దానికి రోషమెక్కువ.
గట్టిగా తాకితే వాస్తుంది,
ఆలస్యమైతే అలుగుతుంది.
ఇచ్చిన మనిషి ఎట్టా బతికాడో
మొత్తం లోపల దాచిపెట్టుకుంటుంది."

మొదటి ఫోను వానల్లో వచ్చింది.
యాభై నాలుగేళ్ళాయన, మెదడులో నరం చిట్లింది,
బరువు తొంభై ఆరు.
మంచినీళ్ళు కూడా తాక్కుండా, పచ్చ గౌను తొడుక్కుని
తెల్లారిందాకా కూర్చున్నా.
డాక్టరు తెరిచి చూశాడంట,
పచ్చగా కొవ్వు పేరుకుని ఉందంట,
ముట్టుకుని, వద్దని, కుట్టేశాడంట.
ఆటోలో ఇంటికొస్తా ఆయన్ని తిట్టుకున్నా,
పేరైనా తెలియని ఆ మనిషిని,
ఆయన తిన్న ఒక్కొక్క మలై కాజాకీ లెక్కగట్టి.
తొమ్మిదేళ్ళప్పటినుంచి
కాజా రుచి తెలియని నాలుకతో.

మరెట్టాంటిది కావాలి సార్, అని అడిగా.
చెప్పాడు:
నలభై దాటకూడదు, ఇంకా తక్కువైతే మేలు.
మనిషి సన్నగా ఉండాలి.
జబ్బుతో కాదు, దెబ్బతో పోయుండాలి.
చివరిదాకా గుండె కొట్టుకుంటా ఉండాలి.
ఐసులో పన్నెండు గంటలు దాటకూడదు.
చెన్నై పార్టీ సరుకు చెప్పినట్టే చెప్పాడు,
నేనూ షెడ్డులో ఊపినట్టే తల ఊపా.

మర్నాడు అయ్యప్పగుడి సెంటర్లో
సిగ్నలు కాడ బండి మీద ఒక కుర్రాడు.
హెల్మెట్టు మోచేతికి వేలాడతా ఉంది.
ఇరవై ఉంటాయి. యాభై ఎనిమిది కేజీలు.
నా కన్ను తూచేసింది.
నేను చెప్పలేదు దానికి, అదే తూచేసింది.
"ఒరే అబ్బయా, నెత్తిన పెట్టుకోరా అది!"
అరిచిన అరుపుకి ఆటోల వాళ్ళు తిరిగి చూశారు.
వాడు నవ్వి, గేరు మార్చి, పోయాడు.
ఆ రోజు షెడ్డులో నాలుగు క్రేట్లు తప్పు కౌంట్ వేశా.

రెండో ఫోను ఒంగోలు సరుకు గురించి.
సరుకు అనలేదు వాళ్ళు. నేనే అంటా ఉండా,
ఇంకో మాట నోటికి రాక.
ఇరవై రెండు. అరవై ఒక్క కేజీ.
టంగుటూరు టోల్‌గేటు దాటాక, రాత్రి, లారీ క్లీనరు.
పెట్టెలో అయిదు గంటల నలభై నిమిషాలు.
అంతే చెప్పారు.
పేరు చెప్పరు. అడగకూడదు.
నాకు తెలిసిందంతా కౌంటే.

మూడో రోజు పొద్దున వేలు గుచ్చి చూసి
సిస్టరు మిషను నా వైపు తిప్పింది: నూట నాలుగు.
సూది లేకుండా. ఇరవై రెండేళ్ళ తర్వాత.
నాకు ఏడుపు రాలేదు. ఆకలేసింది,
ఎవరిదో ఆకలి వేసినట్టు, లారీ దిగినవాడి ఆకలి,
అన్నమూ చేపల పులుసూ అడిగా.

రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో
మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డా.
నిరుడు ఎవరో ముసలామె చేతిలోంచి
ఆరోగ్య రొట్టె అందుకున్నా,
కోరిక తీరినవాళ్ళు తిరిగి పంచాలి గదా.
తీసుకున్నది రొట్టె అయితే పంచొచ్చు.

"ఉద్యోగం రొట్టె ఉందా అక్కా?"
బక్కపల్చటి పిల్లోడు, ప్యాంటు మడిచి.
లేదు, ఆరోగ్యం ఒక్కటే, అన్నా.
"నా ఆరోగ్యానికేం, రాయిలాగా ఉండా."
తెలుసు. చూడంగానే తెలిసింది.
తడి చేతిలో బలవంతంగా పెట్టి మూసేశా.

తినరా.
ఉద్యోగం వచ్చాక ఇంకా తిను.
కాజాలు తిను, బొజ్జ పెంచు,
యాభై నాలుగు దాటు, అరవై దాటు,
లోపలంతా పచ్చగా కొవ్వు పట్టి
ఏ డాక్టరైనా చూసి
పనికిరాదు, వద్దు అనేంత కాలం
ఉండు.